దూరపు మెమరీలో కూడిక: అపోహలు – వాస్తవాలు

పెళ్లిలో చదివింపులు రాసే చోటు గుర్తు తెచ్చుకోండి. మీరు డబ్బు అందిస్తారు. పుస్తకం పట్టుకుని కూర్చున్నాయన పేరు అడిగి, రాసుకుని, లెక్కలో కలుపుకుంటాడు. ఆయన లేచి భోజనానికి వెళ్తే మీరు ఎదురుచూడాల్సిందే. గుడిలో హుండీ అలా కాదు. పూజారి గర్భగుడిలో ఉన్నా, ధర్మకర్త ఊళ్లో లేకపోయినా మీరు వేసింది అందులో చేరిపోతుంది.

ఒకే లెక్కను వందల, వేల ప్రాసెస్‌లు పంచుకుని చేసే సమాంతర ప్రోగ్రామింగ్‌లోనూ ఈ రెండు పద్ధతులున్నాయి. ఒకరు సెండ్ అంటే ఇంకొకరు రిసీవ్ అనడం చదివింపుల పద్ధతి. ఎదుటి ప్రాసెస్‌ను పలకరించకుండానే దాని మెమరీని ముట్టుకోవడం హుండీ పద్ధతి, అంటే ఏకపక్ష కమ్యూనికేషన్. ఈ రంగంలో అందరూ వాడే ఎంపీఐ ప్రమాణం 1994లో వచ్చినప్పుడు అందులో మొదటిదే ఉండేది. రెండోది 1997లో ఎంపీఐ-2తో చేరింది. ప్రతి ప్రాసెస్ తన మెమరీలో కొంత భాగాన్ని ‘విండో’గా తెరిచి పెడుతుంది. మిగతావాళ్లు అందులో పుట్‌తో రాయొచ్చు, గెట్‌తో చదవొచ్చు, అక్యుములేట్‌తో ఉన్నదానికి కలపొచ్చు. ఎక్కువ అపోహలు ఈ మూడోదాని చుట్టూనే ఉన్నాయి. కొందరు దాన్ని అసలు ముట్టుకోరు, ఇంకొందరు అది ఇవ్వని హామీలు కూడా ఇచ్చిందనుకుంటారు.

అపోహ: గెట్‌తో తెచ్చుకుని, కలిపి, పుట్‌తో పెట్టేస్తే సరిపోతుంది, అక్యుములేట్ అక్కర్లేదు.

ఒక గడిలో 40 ఉందనుకుందాం. ఒక ప్రాసెస్ 5 కలపాలి, మరొకటి 7 కలపాలి. ఇద్దరూ ఒకేసారి చదివితే ఇద్దరికీ 40 కనిపిస్తుంది. ఒకరు 45 రాస్తారు, ఇంకొకరు 47 రాస్తారు. రావలసింది 52. ఒకరి కష్టం చడీచప్పుడు లేకుండా మాయమైపోతుంది, ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపదు. అక్యుములేట్‌లో చదవడం, కలపడం, రాయడం మధ్యలో ఎవరూ చొరబడలేని ఒకే పనిగా జరుగుతాయి. దీన్నే అటామిక్ అంటారు.

ఈ అవసరం ఎంపీఐ కన్నా పాతది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 1980ల తొలినాళ్లలో రూపుదిద్దుకున్న అల్ట్రాకంప్యూటర్ పథకం ‘ఫెచ్ అండ్ యాడ్’ అనే చర్య మీదే నిలబడింది. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాలలో పుట్టి 1994లో వెలుగు చూసిన గ్లోబల్ అరేస్ లైబ్రరీకీ ఈ దూరపు కూడిక ప్రాణం. దానిమీద నడిచే ఎన్‌డబ్ల్యూకెమ్ అనే సాఫ్ట్‌వేర్ అణువుల్లో ఎలక్ట్రాన్ల లెక్కలు చేస్తుంది. అక్కడ ఏ ప్రాసెస్‌కు ఏ పని వస్తుందో ముందే తెలియదు. ప్రతి ఒక్కరూ కావలసిన ముక్కలు తెచ్చుకుని, లెక్క కట్టి, ఫలితాన్ని ఎక్కడో ఉన్న పెద్ద మాత్రికలో తగిన చోట కలిపి వస్తారు. తర్వాతి పని నంబరు కూడా ఒక ఉమ్మడి లెక్కింపు గడి నుంచే తీసుకుంటారు: ఉన్న విలువ చేతికి రావాలి, అక్కడ ఒకటి పెరగాలి, ఒకే నంబరు ఇద్దరికి రాకూడదు. ఇది సూటిగా చేసే వీలు ఎంపీఐ-2లో లేదు. 2012లో ఎంపీఐ-3 తెచ్చిన ఫెచ్-అండ్-ఆప్, గెట్-అక్యుములేట్, కంపేర్-అండ్-స్వాప్ ఆ లోటు తీర్చాయి.

అపోహ: ఒక అక్యుములేట్ పిలుపు మొత్తం ఒకే ముక్కగా జరుగుతుంది.

జరగదు. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఎందుకంటే సగం నిజం. అటామిక్ హామీ ఒక్కో మూలకానికి విడివిడిగా ఉంటుంది, మొత్తం పిలుపుకు ఉండదు. పాత విలువ తీసేసి కొత్తది పెట్టే రీప్లేస్ చర్యతో ఒకరు మూడు గడుల్లో 1, 1, 1 రాస్తూ ఉంటే అదే సమయంలో మరొకరు 2, 2, 2 రాస్తే, చివరికి 1, 2, 1 మిగలవచ్చు. ప్రమాణం దీన్ని తప్పనదు.

కూడికలో ఈ బాధ లేదనిపిస్తుంది, ఎవరు ముందు కలిపినా చివరి మొత్తం ఒకటే కదా అని. చివర్లో చూస్తే సరే. మధ్యలో చూసేవారి సంగతి వేరు. సగటు కోసం ఒక గడిలో మొత్తం, పక్క గడిలో సంఖ్య ఉంచి, రెండింటినీ ఒకే పిలుపుతో పెంచుతున్నారనుకోండి. ఆ క్షణంలో చదివినవారికి పెరిగిన మొత్తం, పెరగని సంఖ్య దొరకవచ్చు. రెండూ జతగా మారి తీరాలంటే ఒకసారికి ఒక్కరినే రానిచ్చే ఎక్స్‌క్లూజివ్ లాక్ వేయాలి, లేదా అందరూ పూర్తిచేసి కలుసుకునే చోటు దాకా ఆగి చదవాలి.

దీనికి తోడు ఇంకో షరతు ఉంది, చాలామంది కంట పడనిది. ఒకే గడిమీద ఒకే సమయంలో ఒకరు కూడిక, ఇంకొకరు గరిష్ఠం వాడితే ప్రమాణం మామూలు అమరికలో దాన్ని ఒప్పుకోదు. అందరూ ఒకే చర్య వాడాలి. లేదంటే విలువను మార్చకుండా చదివే నో-ఆప్‌ వాడాలి. ఇక అక్యుములేట్ జరుగుతున్న గడిమీదే మామూలు పుట్ వేస్తే ఏమవుతుందో చెప్పే బాధ్యత ప్రమాణం తీసుకోలేదు. రాయడమే కావాలంటే పుట్ బదులు రీప్లేస్ చర్యతో అక్యుములేట్ ఉంది. అయితే ఆ సమయంలో ఆ గడిని తాకేవాళ్లంతా రీప్లేస్ గానీ నో-ఆప్ గానీ మాత్రమే వాడాలి.

అపోహ: విండో నాదే కాబట్టి నేను మామూలుగా x = x + 1 అని రాసుకోవచ్చు.

ఇంటివాళ్లయినా హుండీలో వేయాలంటే కంత గుండానే వేయాలి. మీ సొంత మెమరీయే అయినా, ఇతరులు అక్యుములేట్ చేస్తున్న సమయంలో మీ ప్రాసెసర్ చేసే మామూలు కూడికకు వాళ్ల కూడికతో అటామిక్ సంబంధం లేదు. మొదట చెప్పిన 40, 5, 7 కథే మళ్లీ జరుగుతుంది. మీరు కూడా మీ ర్యాంకునే, అంటే మీ ప్రాసెస్ నంబరునే, లక్ష్యంగా పెట్టి అక్యుములేట్ పిలవాలి.

అపోహ: పిలుపు తిరిగి వచ్చిందంటే కూడిక అయిపోయింది.

పిలుపు తిరిగొస్తే పని మొదలైందని మాత్రమే అర్థం. మీరు ఇచ్చిన బఫర్‌ను అప్పుడే మారిస్తే తప్పుడు విలువ వెళ్లవచ్చు. ఫ్లష్-లోకల్ చేస్తే మీ బఫర్ మీ చేతికొస్తుంది. ఫ్లష్ చేస్తేనే అవతల కలిసిందని నమ్మవచ్చు. ఫెన్స్ వాడేవాళ్లకు అన్ని ప్రాసెస్‌లూ ఫెన్స్ దాటినప్పుడు ఈ పూచీ దొరుకుతుంది. ఫ్లష్ అయ్యాక కూడా ఆ సంగతి అవతలివారికి దానంతటదే తెలియదు. ఒక సందేశమో బ్యారియరో పెట్టి తెలియజేయాలి.

అపోహ: ప్రతి అక్యుములేట్‌కూ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి.

అక్కర్లేదు. షేర్డ్ లాక్ కింద అందరూ ఒకేసారి అక్యుములేట్ చేసుకోవచ్చు. ఎంపీఐ-3లోని లాక్-ఆల్ అలాంటి షేర్డ్ లాకే. భయంతో ఎక్స్‌క్లూజివ్ వేస్తే వెయ్యి ప్రాసెస్‌లు ఒక్క గుమ్మం ముందు వరుస కడతాయి, ఏకపక్షం వల్ల వచ్చే లాభమంతా అక్కడే పోతుంది.

అపోహ: ఏకపక్షం కాబట్టి అవతలి ప్రాసెసర్‌కు ఏ పనీ పడదు.

అవతలి ప్రోగ్రామర్ రిసీవ్ రాయక్కర్లేదన్నది నిజం. కానీ ఆ కూడిక ఎవరో ఒకరు చేయాలి కదా! ఇన్ఫినీబ్యాండ్ కార్డులు మామూలుగా ఇచ్చే అటామిక్ చర్యలు రెండు: 64 బిట్ల పూర్ణసంఖ్యకు కలపడం, పోల్చి మార్చడం. డబుల్ సంఖ్యల శ్రేణిని కలపమంటే చాలాచోట్ల ఆ పని అవతలివైపు సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. ఆ ప్రాసెస్ ఎంపీఐ వైపు చూడకుండా పొడవాటి లూపులో మునిగి ఉంటే మీ కూడిక గుమ్మం బయటే ఆగిపోవచ్చు. దీనికి కొన్ని లైబ్రరీలు నేపథ్యంలో ఒక థ్రెడ్‌ను నడుపుతాయి. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో తయారైన క్యాస్పర్ అయితే కొన్ని కోర్లను ఈ పనికే కేటాయిస్తుంది. వేగం రాలేదని ప్రమాణాన్ని నిందించే ముందు మీ నెట్‌వర్క్ ఏ చర్యలను సొంతంగా చేయగలదో కనుక్కోండి.

అపోహ: అటామిక్ కాబట్టి జవాబు ప్రతిసారీ ఒకేలా వస్తుంది.

పూర్ణసంఖ్యలకు వస్తుంది. దశాంశాలకు రాకపోవచ్చు. డబుల్‌లో 10,00,00,00,00,00,00,000కి, అంటే 1 పక్కన 16 సున్నాలున్న సంఖ్యకు, 1 కలిపితే ఆ ఒకటి నిలవదు. తర్వాత అదే పెద్ద సంఖ్యను తీసేస్తే 0 మిగులుతుంది. ముందు పెద్ద సంఖ్యను తీసేసి తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. ఒకే ప్రాసెస్ నుంచి ఒకే గడికి వెళ్లే అక్యుములేట్‌లు మామూలు అమరికలో పంపిన వరుసలోనే జరుగుతాయి. వేర్వేరు ప్రాసెస్‌ల మధ్య మాత్రం ఎవరిది ముందో ఎవరూ చెప్పలేరు. అంకె అంకెకూ సరిపోవాలంటే దశాంశాలను స్థిరబిందు పూర్ణసంఖ్యలుగా మార్చి కలపడం ఒక దారి.

మరో రెండు మాటలు. అందరి విలువలనూ కలిపి ఒక్కటి చేసే రెడ్యూస్‌లాగా ఇక్కడ సొంతంగా రాసుకున్న చర్యను ఇవ్వలేం. కూడిక, గుణకారం, గరిష్ఠం, కనిష్ఠం వంటి ముందే నిర్వచించినవే పనిచేస్తాయి. రెడ్యూస్‌కు అక్యుములేట్ బదులూ కాదు. అందరూ ఒకేసారి, ఒకే ఆకారంలో కలుపుతున్నప్పుడు రెడ్యూసే మెరుగు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కలుపుతారో ముందే తెలియనప్పుడు అక్యుములేట్ వాడాలి.

ఇక్కడ చెప్పిన తప్పుల్లో చాలావరకు మీ ల్యాప్‌టాప్‌లో నాలుగు ప్రాసెస్‌లతో నడిపితే బయటపడవు. వందల ప్రాసెస్‌లు ఒకే గడిమీద పడినప్పుడు బయటపడతాయి, అదీ ఎప్పుడో ఒకసారి. మీ ప్రోగ్రామ్‌లో ఒకే గడిని పుట్, అక్యుములేట్, మామూలు రాత మూడూ తాకుతున్నాయేమో ఈరోజే వెతకండి. తాకుతుంటే, పెద్ద యంత్రం మీదికి తీసుకెళ్లకముందే సరిచేయండి.