మూగవోయిన ప్లేయర్ పియానో

రేడియో ఇంటింట వెలయుటకు పూర్వము అమెరికాలోను, ఐరోపాలోను ఎన్నో గృహములందు ప్లేయర్ పియానో తనంతట తానే పాటలు వినిపించెడిది. కాలితో తిత్తులను త్రొక్కగా యంత్రములోని గాలి వెలికి పోవును. కదలుచున్న కాగితపు చుట్టలోని చిల్లు గుండా గాలి లోనికి చొరబడగానే, ఆ స్వరమునకు చెందిన చిన్న తిత్తి ముడుచుకొని సుత్తిచే తీగను కొట్టించును.

ఇట్టి పియానో మూగవోవుటకు కారణము తరచుగా గాలి కారుటయే. తిత్తులకు అతికిన రబ్బరు పూతగుడ్డ పెళుసుబారును, గొట్టములు బీటలువారును, తోలు ఎండును. వీనికి బదులు క్రొత్తవి వేయవచ్చును. చిక్కంతయు కవాటముల వంటి అవయవములతోనే.

1908లో తయారీదారులు బఫెలో నగరమున సమావేశమై, 88 స్వరముల చుట్టకు 11¼ అంగుళముల వెడల్పు, అంగుళమునకు 9 చిల్లుల లెక్క నిర్ణయించిరి. అందుచే ఒకరి చుట్ట మరొకరి పియానోపై పలికెను. లోపలి అవయవములకు మాత్రము అట్టి ఒడంబడిక జరుగలేదు. ఒకరి కవాటము వేరొకరి యంత్రమున ఇమడదు.

కావున మేము హెచ్చరించునది ఒక్కటే: విరిగినదైనను పాత ముక్కను పారవేయరాదు. అదే తయారీకి చెందిన శిథిల పియానో లభించినచో సరిపోలు ముక్కను అందుండి తీసికొనవచ్చును. లభింపనిచో, నిపుణుడు క్రొత్తది మలచుటకు కొలతయు, మాదిరియు ఆ విరిగిన ముక్కయే.