కొంగకు తెలిసిన కాలం

దారి తప్పిన జనానికి బుద్ధి చెప్పడానికి యిర్మీయా ప్రవక్త ఆకాశంలో ఎగిరే సంకుబుడి కొంగను చూపించాడు. తాను రావలసిన కాలం ఆ పక్షికి తెలుసు కానీ, దేవుని ప్రజలకు మాత్రం ఆయన న్యాయవిధి తెలియలేదని వాపోయాడు (యిర్మీయా 8:7). అది ప్రవక్త కళ్లారా చూసిన సంగతే. ఐరోపా, ఆఫ్రికా ఖండాల మధ్య వలస వెళ్లే కొంగలు నేటికీ ఏటా రెండుసార్లు ఇశ్రాయేలు దేశం మీదుగానే ప్రయాణిస్తాయి.

ఆ దారిలో అవి దిగి సేదదీరే చోట్లలో హూలా లోయ ఒకటి. యొర్దాను నది గలిలయ సముద్రంలో కలవడానికి ముందు ఈ లోయ గుండా పారుతుంది. ఒకప్పుడు అక్కడ నిస్సారమైన సరస్సు, దాని చుట్టూ దట్టమైన జమ్ము ఉండేవి. బాల మోషేను దాచిన పెట్టె అల్లింది ఆ జాతి జమ్ముతోనే. అయితే మనుషుల కంటికి అది దోమల మడుగుగా, పనికిరాని నేలగా కనిపించింది. మలేరియాను పారదోలాలని, పొలాలు సాగు చేయాలని 1951లో కాలువలు తవ్వడం ప్రారంభించారు. 1958 నాటికి సరస్సు ఎండిపోయింది.

ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం వేరుగా వచ్చింది. వేల ఏళ్లుగా జమ్ము, తుంగ కుళ్లి పేరుకున్న నల్లమట్టి ఎండి నిప్పంటుకుంది, దుమ్మై గాలికి లేచింది. నేల కుంగిపోయింది. అంతవరకు ఆ బురద పట్టి ఉంచిన నత్రజని లవణాలు కొట్టుకుపోయి, పేతురు వల వేసిన గలిలయ సముద్రంలో కలవసాగాయి. సరస్సుతోపాటు అక్కడ మాత్రమే జీవించే కొన్ని ప్రాణులు కూడా కనుమరుగయ్యాయి.

చివరికి మనుషులు తమ పొరపాటు ఒప్పుకున్నారు. 1994లో లోయలో కొంత భాగాన్ని తిరిగి నీటితో నింపారు. పక్షులు పిలవకుండానే వచ్చాయి. ఇప్పుడు చలికాలంలో వేలాది క్రౌంచ పక్షులు అక్కడ విడిది చేస్తాయి. అవి పొలాల మీద పడి రైతు నష్టపోకుండా వాటికోసం వేరేచోట మొక్కజొన్న చల్లుతారు. అంతరించిపోయిందని 1996లో ప్రకటించిన హూలా కప్ప 2011లో మళ్లీ కనిపించింది!

ఇక మన కొల్లేటి సంగతి చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ దేవుడు అమర్చిన ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరుల వరదను తనలో దాచుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి పంపుతుంది. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సు గుండెల్లోకి నడిచాయి. 2006లో వాటిని పేల్చివేశారు. ఆ రోజుల్లో కూలిపని పోగొట్టుకున్న పేదల కన్నీరూ నిజమే. కొన్నాళ్లకు చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, నీటి చోటును మనం ఆక్రమిస్తే నీరు మన ఇంట్లోకి వస్తుందని అందరికీ అర్థమైంది.

పొరుగువాడి సరిహద్దు రాయిని జరపకూడదని ధర్మశాస్త్రం చెబుతుంది (ద్వితీ 19:14). నరుణ్ణి సృష్టించడానికి ఒకరోజు ముందే దేవుడు పక్షులను ఆశీర్వదించాడు (ఆది 1:22). అంటే ఆటపాకలో గూడు కట్టుకునే గూడబాతు మనకంటే ముందు వచ్చిన పొరుగుది. మరి దాని సరిహద్దు రాయిని జరపవచ్చా?

గట్టును ఒక్కరోజులో పేల్చవచ్చు. మనసులోని ఆశ అలాగే ఉంటే అది మరునాడే లేస్తుంది. జక్కయ్య తన తప్పు ఒప్పుకొని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పశ్చాత్తాపమంటే అదే. కొల్లేటి చుట్టూ ఎన్నో ప్రార్థన మందిరాలున్నాయి. చెరువు ఉన్న విశ్వాసి ఈ ఆదివారం ఆరాధన ముగిశాక గట్టు దాకా నడిచి, అది ఎవరి నేల మీద ఉందో చూసుకుంటే చాలు. కొంగ తన కాలాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. అది వచ్చేసరికి దిగేందుకు నీళ్లుండాలి కదా!