కంప్యూటరులో ప్రక్కవాద్యము

పాశ్చాత్య సంగీతములో గాయకునికి తోడుగా పియానో, గిటారు, డ్రమ్ములు మొదలగు వాద్యముల బృందముండుట పరిపాటి. అట్టి బృందము లేకున్నను, ఒక్క కంప్యూటరుతో ప్రక్కవాద్యమును పొందుట నేడు సాధ్యము. ఇందులకై ఏర్పడిన సాఫ్టువేరులలో కెనడా దేశమున 1990లో వెలువడిన ‘బ్యాండ్ ఇన్ ఎ బాక్స్’ పేర్కొనదగినది. పాటలో వచ్చు కార్డులను, అనగా ఒకేసారి పలుకు స్వరముల గుంపులను, వరుసగా వ్రాసి, లయను, శైలిని సూచించినచో, ఏ వాద్యము ఏ స్వరమును పలుకవలెనో అది తానే నిర్ణయించును.

అయితే అది నాదమును పుట్టించునా? మిడి పద్ధతిలో పుట్టించదు. మిడి అనునది 1983లో వెలువడిన ఆజ్ఞల భాష. “60వ స్వరమును 90 బలముతో మొదలిడుము”, “దానిని ఆపుము” అనునట్టి ఆజ్ఞలే అందుండును. స్వరములకు 0 నుండి 127 వరకు సంఖ్యలు గలవు. 69వ స్వరమనగా సాధారణముగా సెకనుకు 440 కంపనములు గల స్వరము. కాగితముపై వ్రాసిన స్వరములు తమంత తాము పలుకవు గదా; ఈ ఆజ్ఞలును అట్టివే.

వీనిని నాదముగా మార్చునదే సాఫ్టువేరు సింథసైజరు. ‘ఫ్లూయిడ్‌సింత్’ వంటి సింథసైజరులు నిజమైన వాద్యముల ధ్వని నమూనాలను దాచుకొని యుండును. 440 కంపనముల నమూనాను 1.0595 రెట్లు వేగముగా చదివినచో తరువాతి స్వరము, అనగా సుమారు 466 కంపనముల స్వరము వచ్చును. ఇట్లు పండ్రెండు మెట్లెక్కిన కంపనసంఖ్య రెట్టింపగును. నమూనాలు మంచివైనచో అవే ఆజ్ఞలు ఇంపుగా వినవచ్చును. కనుక ప్రక్కవాద్యము పేలవముగా నున్నప్పుడు దోషము కూర్పుది కాక, సింథసైజరుది కావచ్చును.

ఈ రెండు సాఫ్టువేరులను కలుపుటకు, మొదటిదానిలో ఆజ్ఞలు వెలుపలికి పోవు మార్గముగా సింథసైజరు పేరును ఎన్నుకొనవలెను. ఈ పని మరచినచో పాట నడచుచున్నట్లు తెరపై కనిపించును గాని నాదము వినబడదు.

ఇక కాలవిలంబము సంగతి. సింథసైజరు సెకను నాదమును సాధారణముగా 44,100 సంఖ్యలుగా లెక్కించి, వానిని కట్టలు కట్టలుగా అందించును. కట్టకు 512 సంఖ్యలైనచో ఒక కట్ట నాదము సెకనులో సుమారు 0.012 వంతు నడచును. ఆ వ్యవధిలో శబ్దము గాలిలో సుమారు 4 మీటర్లు పోవును. అనగా వాద్యము 4 మీటర్ల దూరమున నున్నట్లే. కట్టకు 4,096 సంఖ్యలైనచో ఆ దూరము సుమారు 32 మీటర్లగును!

పాడువానికి ఈ ఆలస్యము బాధింపదు. వాద్యములన్నియు సమముగా ఆలస్యమగును; అతడు తాను విన్న లయననుసరించియే పాడును. కాని మీటలు నొక్కి వాయించువానికి, తాళము తప్పకున్నను తప్పినట్లే వినబడును. కట్టను మరీ చిన్నది చేసినచో కంప్యూటరు సకాలములో లెక్క ముగింపలేక నాదమున చిటపటలు పుట్టును. కావున చిటపటలు లేనంతవరకు కట్టను తగ్గించుకొనుటయే మార్గము. లయ తప్పినదని విద్యార్థిని మందలించుటకు ముందు, ఉపాధ్యాయుడు ఈ కట్ట పరిమాణమును పరీక్షించుట న్యాయము.