మీకు తెలుసా? ఆగిపోయిన పరిశోధనకూ ఫెలోషిప్ ఉంది

జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధన స్థానం ఉన్నాయి. మన పొలాల్లో పండే ‘జగిత్యాల సన్నాలు’ పుట్టింది అక్కడే. కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్ల దగ్గర జిల్లెళ్లలో వ్యవసాయ కళాశాల నడుస్తున్నాయి. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇవన్నీ మన ఆడపిల్లలు ఇంటి నుంచి బస్సెక్కి వెళ్లి రాగలిగేంత దూరంలోనే ఉన్నాయి.

2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో సైన్సు చదువుతున్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలే. మరి పరిశోధన కొలువుల్లో? 2018 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో నేరుగా పరిశోధన పనిలో ఉన్నవారిలో మహిళలు 16.6 శాతం. తరగతిలో సగానికి పైగా ఉన్నవాళ్లు ల్యాబుకొచ్చేసరికి ఆరో వంతయ్యారు. తెలివి తక్కువై కాదు. పెళ్లి, కాన్పు, భర్తకు బదిలీ, ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు... ఏదో ఒకటి వచ్చి చదువు ఆగుతుంది. రెండు మూడేళ్లు గడిచాక ‘ఇక నాతో కాదులే’ అనుకుంటారు.

సరిగ్గా వీళ్ల కోసమే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. 2014లో అది ‘కిరణ్’ అయింది. ఇప్పుడు దాని పేరు ‘వైజ్-కిరణ్’. ఇందులో పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి ఒక ఫెలోషిప్, పీహెచ్‌డీ పూర్తయినవారికి మరొకటి ఉన్నాయి. వయసు సంగతి చూడండి: వైజ్-పీహెచ్‌డీకి 27 నుంచి 45 ఏళ్లు, పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు 60 ఏళ్ల దాకా. పిల్లలు బడికెళ్లే వయసొచ్చాక మళ్లీ మొదలుపెట్టినా ఆలస్యం కాదన్నమాట. పేటెంట్ల పనిలో ఏడాది శిక్షణ ఇచ్చే పథకం కూడా ఇందులోదే. ఆ పని నేర్చుకుంటే ఇంటి దగ్గర నుంచైనా చేసుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వైజ్-స్కోప్. సమాజానికి పనికొచ్చే సమస్య మీద పరిశోధన చేస్తే ఇచ్చే సాయం ఇది. సమస్యలు వెతుక్కుంటూ మనం ఎక్కడికో పోవాలా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడల్లో చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని రోజంతా వంగి కూర్చుని బీడీలు చుట్టే అమ్మలున్నారు. ఆ పొడి ఊపిరితిత్తులకు ఏం చేస్తోంది, వాళ్ల నడుం ఎందుకు పట్టేస్తోంది? సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు మధ్య ఏళ్లకేళ్లు పనిచేసేవారి చెవులకు ఏమవుతోంది? ఈ ప్రశ్నలు ఇక్కడ పుట్టి పెరిగిన ఆడబిడ్డ అడిగితే, ఆ అమ్మలు వాకిట్లో కూర్చోబెట్టుకుని మనసు విప్పి చెబుతారు. ఎక్కడి నుంచో ఫారాలు పట్టుకుని వచ్చినవారికి ఆ మాటలు దొరకవు.

అన్నట్టు, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం ఒకటో తరగతిలో ఏడాదికి 1,000 రూపాయల నుంచి పైచదువుల్లో 25,000 దాకా ఉంటుంది. అమ్మ బీడీ కార్మిక గుర్తింపు కార్డు ట్రంకు పెట్టెలో ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి.

కాన్పుకు పీహెచ్‌డీ మానేయాల్సిన పని లేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. గడువులోనూ మహిళలకు రెండేళ్లు అదనం. అన్ని పొడిగింపులూ కలిపి పదేళ్ల దాకా సమయం ఉంటుంది. ఈ సంగతి గైడుకు తెలియకపోతే మీరే చెప్పండి.

హైదరాబాద్‌లో మహిళలు వైద్య పరిశోధన వైపు రావడం కొత్త కాదు. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి అమ్మాయిల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. క్లోరోఫామ్ మత్తు ప్రమాదకరమా కాదా అని తేల్చడానికి నిజాం ఖర్చుతో ఇక్కడ ప్రయోగాలు జరిగిన రోజులవి. ఆమె ఆ మత్తు ఇవ్వడంలోనే నిపుణురాలయ్యారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి మరింత చదువుకున్నారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు.

మన కాలానికి వస్తే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త మంజులా రెడ్డి కనిపిస్తారు. బ్యాక్టీరియా పెరిగేటప్పుడు దాని చుట్టూ ఉన్న గోడ ఎలా తెరుచుకుని కొత్త భాగానికి చోటిస్తుందో ఆమె బృందం కనిపెట్టింది. కొత్త యాంటీబయాటిక్స్ వెతికేవారికి అది పనికొచ్చే జ్ఞానం. దానికే 2019లో ఇన్ఫోసిస్ ప్రైజ్ అందుకున్నారు.

ఒక్క జాగ్రత్త. ఈ ఫెలోషిప్‌లకు ఎప్పుడు పడితే అప్పుడు దరఖాస్తు తీసుకోరు. ప్రకటన వచ్చేనాటికి గైడు, పరిశోధన చేసే సంస్థ, రాసిపెట్టుకున్న అంశం సిద్ధంగా ఉండాలి. మీ ఇంట్లో ఎమ్మెస్సీ చేసి ఊరకున్న బిడ్డో కోడలో ఉంటే, ఈ వారమే పొలాసకో కోరుట్లకో తీసుకెళ్లి అక్కడి ప్రొఫెసర్‌తో మాట్లాడించండి.