స్మారక నాణెములు

హాలియా బజారులో ఉప్పు కొన్నను, మిర్యాలగూడకు బస్సెక్కినను మన చేతికి కొంత చిల్లర వచ్చును. దానిని లెక్కించి జేబులో వేసికొందుము. తేరిపార చూచుట అరుదు. చూచినచో ఆ చిల్లరలోనే మన దేశచరిత్ర కొంత కనిపించును. ఒక మహనీయుని శతజయంతికో, ఒక సంస్థయొక్క ఉత్సవమునకో గుర్తుగా ప్రభుత్వము ముద్రించు నాణెమును స్మారక నాణెమందురు.

స్వతంత్ర భారతమున మొదటి స్మారక నాణెములు 1964లో వెలువడినవి. అవి జవాహర్‌లాల్ నెహ్రూ మూర్తి గల రూపాయి, అర్ధరూపాయి నాణెములు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినది ఆయనయే. సాగరపు ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిరి. 2004లో ఆయన శతజయంతికి అయిదురూపాయల నాణెము వచ్చినది. ఆ కాలువ నీటితో వరి పండించుకొను మన ప్రాంతమువారికి ఈ రెండు నాణెములును ఆత్మీయములు.

గుర్తించునపుడు మొదట చూడవలసినది సంవత్సరము. ఇచ్చటనే పలువురు పొరబడుదురు. నెహ్రూ నాణెముపై 1889-1964 అనియు, గాంధీజీ శతజయంతికి 1969లో వెలువడిన నాణెముపై 1869-1948 అనియు ఉండును. అవి జననమరణ సంవత్సరములు. వానిని చూచి ‘ఇది 1869 నాటి నాణెము’ అని చెప్పి అమ్మజూచువారి మాట నమ్మరాదు.

తరువాత చూడవలసినది టంకశాల గుర్తు. ఇది సాధారణముగా సంవత్సరమునకు క్రింద ఉండును. అయిదు కోణముల నక్షత్రమున్నచో హైదరాబాదు, వజ్రాకారమున్నచో ముంబయి, చిన్న చుక్క యున్నచో నోయిడా. ఏ గుర్తును లేనిచో కోల్‌కతా. హైదరాబాదు టంకశాల నిజాముల కాలమున 1803లో ఏర్పడి, 1903లో సైఫాబాదునకును, 1997లో చర్లపల్లికిని మారినది. ఒకే నాణెమును నాలుగు టంకశాలల గుర్తులతో వెదకి కూర్చుట చక్కని వినోదము. అందుకు నాణెపు విలువకు మించి ఖర్చు లేదు.

అన్ని స్మారక నాణెములును వాడుకకు రావు. నందమూరి తారక రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28న విడుదలైన నూరురూపాయల నాణెము హైదరాబాదులో ముద్రితమైనది. సగము వెండి గల ఆ నాణెమును టంకశాల దాచుకొనువారికై హెచ్చు ధరకు అమ్మినది. అట్టిది చిల్లరలో దొరకదు.

వాడుకలోనున్న వాని విషయమున ఒక చిక్కు కలదు. పదిరూపాయల నాణెము చెల్లదని త్రిప్పి యిచ్చు అంగళ్లు తెలంగాణమున పలుచోట్ల కలవు. బొమ్మలు వేరువేరుగా నుండుటయే ఈ అనుమానమునకు మూలము. ఒకదానిపై రూపాయి గుర్తుండును, ఒకదానిపై ఉండదు. ఒకదానిపై అంబేద్కరు, మరొకదానిపై వైష్ణోదేవి. రూపాయి గుర్తు నాణెములపైకి 2011లోనే వచ్చినది గనుక అంతకు ముందువానిపై ఉండదు. అంతవరకు వెలువడిన 14 రకముల పదిరూపాయల నాణెములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినది. కూలిడబ్బుగా వచ్చిన నాణెమును అంగడివాడు కాదన్నచో ఆ పూట సరకు రాదు. కావున ఈ సంగతి అందరికి తెలియుట అవసరము.

రెండవ చిక్కు ఆశ. వైష్ణోదేవి నాణెమునకు లక్షలిత్తుమని, ముందుగా కమీషను, పన్ను కట్టుడని ఫోనులో అడుగువారు కలరు. తన పేరుతో ఇట్లు మోసము చేయుచున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించినది. వేలకొలదిగా ముద్రించి వాడుకకు విడిచిన నాణెమునకు లక్షలు రావు. కొనువాడు డబ్బిచ్చును గాని అడుగడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్న చాలును.

అమెరికానుండి మన పిల్లలు తెచ్చు డాలరు నాణెములకును ఇట్టి పరీక్షయే. 2007 మొదలు 2016 వరకు అచ్చట అధ్యక్షుల మూర్తులతో డాలర్లు ముద్రించిరి. వానిపై సంవత్సరము, టంకశాల అక్షరము ముఖముపై గాక అంచున ఉండును. బంగారువలె మెరసినను అందు బంగారము లేదు. 2012 నుండి ఆ వరుసను దాచుకొనువారికై మాత్రమే ముద్రించిరి.

కూర్చువారికి కొన్ని మాటలు. నాణెమును అంచు పట్టి తీయవలెను. ఇత్తడి బిందెవలె చింతపండుతో తోమరాదు. తోమినచో పైమెరుగు పోయి విలువ తగ్గును. తడి తగులని చోట, ఒక్కొక్కదానిని విడిగా కాగితపు కవరులో ఉంచి, పైన సంవత్సరము, గుర్తు, సందర్భము వ్రాయవలెను. పావలా, అంతకు తక్కువ నాణెములు 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కోల్పోయినవి. ఇంట ఉన్నచో వానిని పారవేయక పిల్లల కీయవచ్చును.

రకమున కొక్కటి చాలును. మిగిలినవానిని అంగడికి పంపుదము. చిల్లర తిరుగుచుండవలెను గదా.