వయ్యారిభామను వేళ్లతో సహా ఎందుకు పీకాలి?

గుమ్మఘట్ట దగ్గర శనక్కాయ చేలో మొక్కలు మాడుతుంటే, గట్టు మీద నవనవలాడే వయ్యారిభామను పీకమంటారేం?

జబ్బు వైరస్ దాని ఒంట్లోనే ఉంటుంది, పైకి మాత్రం కనబడదు! ఆ వైరస్ పుప్పొడిలో చేరుతుంది. మిల్లీమీటరు పొడవుండే తామర పురుగులు ఆ పుప్పొడి పూసుకుని శనక్కాయ ఆకుల మీద వాలతాయి, ఆకును గీరి రసం పీలుస్తాయి. ఆ గీతల్లోంచే వైరస్ లోపలికి పోతుంది. లేతాకులు మాడి, కాండం ఎండిపోతుంది. 2000లో అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను ఇదే దెబ్బతీసింది.

కొడవలితో కోస్తే చాలదా? గోరింట కొమ్మ కోసినట్టే, మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. అందుకే వానకు నేల మెత్తబడ్డాక, పూత రాకముందే వేరుతో సహా లాగేయాలి. చేతులకు తొడుగులు మాత్రం తప్పనిసరి, దాన్ని తాకితే కొందరికి ఒకటే దురద!