సైకిల్ లేన్: ఆగి ఉన్న కార్ల పక్కన తెల్ల గీత గీస్తే సరిపోతుందా? డోర్ తీస్తే ఏం జరుగుతుందంటే..

రోడ్డు పక్కన కారు ఆగి ఉంది. వెనక నుంచి సైకిల్ వస్తోంది. స్టీరింగ్ ముందున్నాయన వెనక్కి చూడకుండా డోర్ తీశాడు. అంతే! గంటకు 20 కిలోమీటర్ల స్పీడులో ఉన్న సైకిల్ ఒక్క సెకనులో ఐదున్నర మీటర్లు పోతుంది. బ్రేక్ పట్టేలోపే డోర్ తగులుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఈ ప్రమాదానికి ఓ పేరే ఉంది.. ‘డోరింగ్’.

డోర్ తగలడం కంటే ఆ తర్వాత జరిగేదే డేంజర్. మన దగ్గర కార్లు రోడ్డుకు ఎడమ పక్కన ఆగుతాయి. కాబట్టి డోర్ అంచు హ్యాండిల్ ఎడమ చివరకు తగులుతుంది. హ్యాండిల్ ఎడమకు తిరిగిపోతే, మనిషి కుడి వైపు పడతాడు. అంటే బస్సులు, లారీలు వచ్చే వైపు. స్కూటర్ల మీద వెళ్లేవాళ్లకూ ఇదే ముప్పు.

విచిత్రం ఏంటంటే.. సైకిళ్ల కోసం గీసే లేన్లు చాలా నగరాల్లో సరిగ్గా ఈ డోర్ తెరుచుకునే చోటే ఉంటాయి. లేన్ వెడల్పు 5 అడుగులు అనుకుందాం. పూర్తిగా తీసిన డోర్ దాదాపు 3 అడుగులు బయటకు వస్తుంది. మిగిలేది 2 అడుగులు. సైకిల్ హ్యాండిలే ఇంచుమించు అంత ఉంటుంది. గీత లోపల బుద్ధిగా తొక్కేవాడికే రిస్క్ అన్నమాట!

మరి ఎలా? వరుస మార్చడమే. ముందు ఫుట్‌పాత్, దాని పక్కనే సైకిల్ ట్రాక్, ఆ తర్వాతే పార్కింగ్. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి ఇది. జానెట్ సాదిక్ ఖాన్ రవాణా కమిషనర్‌గా ఉన్నప్పుడు, 2007లో న్యూయార్క్ కూడా నైన్త్ అవెన్యూలో ఇదే చేసింది. ఆగి ఉన్న కార్లే సైకిళ్లకు అడ్డుగోడ అయ్యాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వరుస మారినా డోర్లు ఎక్కడికీ పోవు, ఇప్పుడు రెండో వైపు డోర్ ట్రాక్ మీదికి తెరుచుకుంటుంది. అందుకే కార్లకు, ట్రాక్‌కు మధ్య 3 అడుగుల ఖాళీ వదలాలని అమెరికా నగర రవాణా అధికారుల సంఘం గైడ్ చెబుతోంది. స్థలం చాలదంటూ ఈ మూడడుగులు మింగేస్తే మొత్తం ఖర్చు బూడిదలో పోసినట్టే.

ఇంకో చిక్కు జంక్షన్ల దగ్గర. కార్ల చాటున వచ్చే సైకిల్, మలుపు తిరిగే డ్రైవర్‌కు కనపడదు. అందుకే మలుపుకు ముందు కొంతదూరం పార్కింగ్ తీసేస్తారు. నైన్త్ అవెన్యూలో సైకిళ్లకు వేరే సిగ్నల్ కూడా పెట్టారు.

ఫలితం ఏంటి? ఇలాంటి లేన్లు వేసిన రోడ్లపై న్యూయార్క్ రవాణా శాఖ 2014లో రిపోర్ట్ ఇచ్చింది. మూడేళ్ల ముందు, తర్వాత లెక్కలు పోలిస్తే గాయాలైన ప్రమాదాలు 17 శాతం తగ్గాయి. గాయపడ్డ పాదచారులు 22 శాతం తగ్గారు. రోడ్డు మధ్యలో ఆగే చోటు దొరకడం, దాటాల్సిన దూరం తగ్గడం నడిచేవాళ్లకు కలిసొచ్చింది.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఓపెన్ అయింది. అక్కడ పార్కింగ్ గొడవ లేదు. అసలు పరీక్ష అమీర్‌పేట, అబిడ్స్ లాంటి బజారు రోడ్లలోనే. అక్కడ ఉత్త గీత గీస్తే తెల్లారేసరికి బైకులు, టిఫిన్ బండ్లు వచ్చేస్తాయి. సిమెంటు దిమ్మెలో, స్తంభాలో పెట్టక తప్పదు.

రోడ్లు మారేదాకా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పేరు ‘డచ్ రీచ్’. డోర్‌కు దగ్గరున్న చేత్తో కాకుండా, రెండో చేత్తో డోర్ తీయాలి. అప్పుడు ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది. 2022 జనవరిలో బ్రిటన్ దీన్ని తన హైవే కోడ్‌లో చేర్చింది. ఆగి ఉన్న కార్లకు మీటరు దూరంలో తొక్కాలని సైకిల్ వాళ్లకూ అందులో చెప్పింది. అక్కడ చూసుకోకుండా డోర్ తీస్తే వెయ్యి పౌండ్ల దాకా ఫైన్ పడొచ్చు. మన కార్లలో స్టీరింగ్ ముందున్నవాళ్లు ఎడమ చేత్తో, ఎడమ సీట్లలో ఉన్నవాళ్లు కుడి చేత్తో డోర్ తీయాలి.